ఉప్పునీళ్ళు ఎక్కడ పొయ్యాలి?

ఉప్పునీటి అక్వేరియం ఉన్న ఇంట్లో రెండు వారాలకోసారి తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. తొట్టిలో పాత నీళ్ళు కొన్ని తోడి, కొత్త నీళ్ళు పోస్తాం. తోడిన నీళ్ళు అయిదు గాలన్ల బకెట్లలో మన కాళ్ళ దగ్గర ఉంటాయి. వాటిని ఎక్కడ పారబొయ్యాలి? గరాజు తలుపు తీసి ఉంటే డ్రైవ్‌వే మీద పోసేస్తాం. వెనక తలుపు దగ్గరైతే పచ్చిక మీద పోసేస్తాం. సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఇంకో ఆలోచన కూడా వస్తుంది: సముద్రపు నీళ్ళలాంటివే కదా, తీసుకెళ్ళి సముద్రంలోనే పోసేస్తే పోలా?

ఈ మూడూ తప్పే. ఎందుకు తప్పో అర్థం కావాలంటే రెండు సంగతులు తెలియాలి. ఆ బకెట్లో ఏముందన్నది ఒకటి. మనం పోసిన చోటి నుంచి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది రెండోది.

బకెట్లో ఏముంది?

సముద్రపు నీటి లవణీయత సుమారుగా వెయ్యికి 35 పాళ్ళు. అంటే లీటరు నీళ్ళలో 35 గ్రాముల చొప్పున ఉప్పు ఉంటుందన్నమాట. పగడాలు పెంచే తొట్టిలో కూడా ఇంచుమించు ఇంతే ఉండేట్టు చూసుకుంటాం. అమెరికా గాలను 3.785 లీటర్లు కనక, పది గాలన్ల నీళ్ళలో ఉండే ఉప్పు సుమారు 1.3 కిలోలు. రెండు వారాలకోసారి పది గాలన్లు మార్చేవాళ్ళ ఇంటి నుంచి ఏడాదికి దాదాపు 34 కిలోల ఉప్పు బయటికి పోతుంది. ఏటా జాడీల కొద్దీ ఆవకాయ పెట్టే ఇంట్లో కూడా అంత ఉప్పు ఖర్చవదు.

ఉప్పు కాకుండా చేపల విసర్జన నుంచీ, మిగిలిపోయిన మేత నుంచీ వచ్చిన నైట్రేట్లూ ఫాస్ఫేట్లూ ఉంటాయి. చేపలకు జబ్బు చేసినప్పుడు వాడిన మందుల తాలూకు రాగి ఉండవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యమైనవి ప్రాణం ఉన్నవి: నాచు ముక్కలు, నత్త గుడ్లు, చిన్న చిన్న పురుగులు, సూక్ష్మజీవులు. ఇవి చాలామటుకు కంటికి కనపడవు. ఉప్పు నీళ్ళలో కలిసి పలచబడుతుంది. ప్రాణం ఉన్నది పలచబడదు, పెరుగుతుంది. ఈ తేడా గుర్తుంటే మిగిలిందంతా సులభంగా అర్థమవుతుంది.

పచ్చిక మీద పోస్తే

మంచినీటి అక్వేరియం ఉన్నవాళ్ళు తోడిన నీళ్ళు మొక్కలకు పోస్తారు. అది మంచి పనే. ఆ నైట్రేట్లు మొక్కలకు ఎరువు. చాలామంది మంచినీటి తొట్టితో మొదలుపెట్టి, నాలుగేళ్ళ తరవాత ఉప్పునీటి తొట్టికి మారతారు. నీళ్ళు మారతాయి గాని అలవాటు మారదు. చిక్కు అక్కడే వస్తుంది.

మాగాయ ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ముక్కలో ఉన్న నీటిని ఉప్పు బయటికి లాగేసింది. మొక్కల వేళ్ళకూ ఇదే జరుగుతుంది. చుట్టూ తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. నీళ్ళు పోసి మరీ మొక్కను ఎండబెట్టినట్టు అవుతుంది.

ఇది పైకి కనపడే నష్టం. రెండో నష్టం మట్టికి. బంకమట్టి రేణువులను పట్టుకుని ఉన్న కాల్షియంను తోసేసి సోడియం ఆ చోటు ఆక్రమిస్తుంది. అప్పుడు మట్టి కట్టు విడిపోయి, తడిస్తే మెత్తటి ముద్దలాగా, ఎండితే పెంకులాగా తయారవుతుంది. నీరు లోపలికి ఇంకదు. మన ఊళ్ళలో చౌడు భూమి అంటే ఏమిటో చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతేమీ కాదు. కోస్తా ఆంధ్రలో 1990ల్లో రొయ్యల చెరువులు విస్తరించినప్పుడు, పక్క పొలాలూ మంచినీటి బావులూ ఉప్పుబారాయన్నది రైతుల ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి. దేశంలోని తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పులోనూ ఈ ప్రస్తావన ఉంది. మన బకెట్టు రొయ్యల చెరువంతది కాదు, నిజమే. కాని మన పచ్చికా వరి పొలమంతది కాదు. వానలు బాగా పడేచోట ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. ఆరిజోనా, దక్షిణ కాలిఫోర్నియా లాంటి చోట్ల ఏటికేడూ అక్కడే పేరుకుంటుంది.

కలుపు చావాలంటే ఉప్పునీళ్ళు పోస్తే సరి అని సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. కలుపు చస్తుంది గాని, ఆ తరవాత ఆ చోట మరో మొక్క బతకటం కూడా కష్టమవుతుంది.

లోపలి డ్రెయినూ, బయటి డ్రెయినూ ఒకటి కాదు

ఇక డ్రైవ్‌వే సంగతి. డ్రైవ్‌వే మీద పోసిన నీళ్ళు వాలును బట్టి రోడ్డు పక్కకు చేరి, అక్కడి ఇనప జల్లెడలోంచి కిందికి పోతాయి. దాన్ని చూసి ఎక్కడో మురుగుశుద్ధి కేంద్రానికి పోతాయనుకుంటాం. పోవు.

అమెరికాలో చాలా ఊళ్ళలో భూమి కింద రెండు వేరువేరు గొట్టాల వ్యవస్థలు ఉంటాయి. ఇంటి లోపలి సింకు, టాయిలెట్టు, స్నానాల తొట్టి, బట్టలు ఉతికే యంత్రం, వీటి నీళ్ళన్నీ మురుగు గొట్టంలోకి వెళ్ళి, శుద్ధి కేంద్రం చేరి, అక్కడ శుభ్రపడ్డాక నదిలోకో సముద్రంలోకో వదలబడతాయి. వీధిలోని డ్రెయిను వాన నీళ్ళ కోసం. అది ఏ శుద్ధీ లేకుండా నేరుగా దగ్గర్లో ఉన్న వాగులోకో, చెరువులోకో, సముద్రపు పాయలోకో కలుస్తుంది. చాలా ఊళ్ళలో ఆ జల్లెడ పక్కన చేప బొమ్మ వేసి, ఇందులో ఏమీ పొయ్యకండి, ఇది ఫలానా వాగులోకి పోతుంది అని రాసి ఉంటుంది. ఈసారి నడకకు వెళ్ళినప్పుడు చూడండి.

1972 నాటి స్వచ్ఛ జలాల చట్టానికి 1987లో చేసిన సవరణల తరవాత, వాన కాలువల్లోకి వాన నీరు తప్ప వేరేవి పోకుండా చూసే బాధ్యత నగరాల మీద పడింది. అందుకే డ్రైవ్‌వే మీద అక్వేరియం వంపటం చాలా ఊళ్ళలో నిబంధనలకు విరుద్ధం. చట్టం సంగతి అటుంచి, మంచినీటి వాగులో ఉన్న చేపకూ కప్పకూ ఒక్కసారిగా వచ్చి పడిన ఉప్పునీరు ఎంత హాని చేస్తుందో ఊహించుకోవచ్చు.

అదే నీరు ఇంటి లోపలి డ్రెయినులో పోస్తే ఏమవుతుంది? అమెరికాలో ఒక సగటు కుటుంబం రోజుకు 300 గాలన్లకు పైగా నీళ్ళు వాడుతుందని పర్యావరణ పరిరక్షణ సంస్థ అంచనా. ఊరంతటి మురుగులో మన పది గాలన్లు కలిస్తే ఉప్పు ఆనవాలు కూడా మిగలదు. ప్రాణం ఉన్నవాటికి మంచినీరూ, మురుగూ, ఆ పైన శుద్ధి కేంద్రమూ, వరసగా ఇన్ని గండాలు.

కార్ల్స్‌బాడ్‌లో ఏం జరిగింది?

సముద్రపు నీళ్ళను సముద్రంలో పోస్తే తప్పేమిటన్న ప్రశ్నకు జవాబు కాలిఫోర్నియాలో ఉంది. సాన్ డియేగోకు ఉత్తరాన కార్ల్స్‌బాడ్ అనే ఊళ్ళో అగ్వా హెడియోండా అనే ఉప్పునీటి కయ్య ఉంది. స్పానిష్‌లో ఆ పేరుకు కంపు నీళ్ళు అని అర్థం. 2000 జూన్ 12న అక్కడ సముద్రపు గడ్డిని పరిశీలించటానికి నీళ్ళలో దిగిన డైవర్లకు, ఎన్నడూ చూడని ఆకుపచ్చటి నాచు తివాచీలాగా పరుచుకుని కనిపించింది. దాని పేరు కాలర్పా టాక్సిఫోలియా.

ఈ నాచు కథ ఐరోపాలో మొదలైంది. చూడటానికి ఫెర్న్ ఆకులాగా అందంగా ఉంటుంది. అక్వేరియంలో తేలిగ్గా పెరుగుతుంది. చలికి తట్టుకునే రకం ఒకటి ఐరోపా అక్వేరియంలలో వ్యాపించింది. 1984లో మొనాకోలోని సముద్రశాస్త్ర మ్యూజియం ఎదట సముద్రంలో ఒక చదరపు మీటరు మేర అది కనిపించింది. 1989 నాటికి అది హెక్టారు అయింది. 2000 నాటికి మధ్యధరా తీరంలో ఆరు దేశాల్లో, 13 వేల హెక్టార్లకు పైగా చోట్ల దాని ఉనికి నమోదయింది. దానిలో ఉండే విషపదార్థం వల్ల చేపలు దాన్ని పెద్దగా ముట్టవు. ఇంకో విచిత్రం ఏమిటంటే, మీటర్ల పొడుగు పెరిగినా అదంతా ఒకే ఒక్క జీవకణం. సెంటీమీటరు ముక్క తెగిపడినా అది మళ్ళీ పూర్తి మొక్క అవుతుంది. అంటే, సైఫను గొట్టంలోంచి జారి బకెట్లో పడిన చిన్న ఆకు ముక్క చాలు.

కార్ల్స్‌బాడ్‌లో దొరికింది మధ్యధరా సముద్రంలో ఉన్న రకమే అని డి.ఎన్.ఎ. పరీక్షల్లో తేలింది. ఎవరి అక్వేరియంలోంచో వచ్చి పడిందని నిపుణుల అభిప్రాయం. అదే ఏడు హంటింగ్టన్ హార్బర్‌లో కూడా కనిపించింది. అధికారులు ఆలస్యం చెయ్యలేదు. నాచు ఉన్న ప్రతి చోటా దళసరి ప్లాస్టిక్ పట్టాలు కప్పి, వాటి కిందికి క్లోరిన్ పంపారు. తరవాత ఏళ్ళ తరబడి డైవర్లు అడుగడుగూ గాలించారు. పూర్తిగా పోయిందని ప్రకటించటానికి 2006 జులై దాకా ఆగవలసి వచ్చింది. ఖర్చు 70 లక్షల డాలర్లు దాటింది.

2001లో కాలిఫోర్నియా తొమ్మిది కాలర్పా జాతులను అమ్మటం, కొనటం, దగ్గర ఉంచుకోవటం నిషేధించింది. అయినా కథ ముగియలేదు. 2021లో న్యూపోర్ట్ బేలో కాలర్పా ప్రోలిఫెరా అనే మరో జాతి కనపడింది. 2023లో సాన్ డియేగో అఖాతంలోనూ కనపడింది. ఇది నిషిద్ధ జాబితాలో లేనిది, అక్వేరియం పెట్టేవాళ్ళకు బాగా తెలిసినది. దాంతో 2023లో చట్టాన్ని సవరించి కాలర్పా జాతులన్నిటికీ నిషేధం వర్తింపజేశారు.

మనకు ఇలాంటి కథ తెలియనిది కాదు. దక్షిణ అమెరికా నుంచి అందమైన పూల మొక్కగా దేశాలు తిరిగిన గుర్రపు డెక్క, మన కాలువలనూ చెరువులనూ ఏం చేసిందో చూశాం. కాలర్పా సముద్రపు గుర్రపు డెక్క అనుకోవచ్చు.

మరి ఎలా పొయ్యాలి?

పద్ధతి ఏమంత పెద్దది కాదు.

మొదట తొట్టిలోని హీటరూ, పంపులూ ఆపి, ప్లగ్గులు తీసెయ్యండి. వేడిగా ఉన్న హీటరు నీళ్ళలోంచి బయటపడితే గాజు పగిలే ప్రమాదం ఉంది. ఉప్పునీరు మంచి విద్యుత్ వాహకం అన్నది మరిచిపోకూడదు. సైఫను గొట్టాన్ని నోటితో పీల్చవద్దు. గొట్టాన్ని నీళ్ళతో నింపి, ఒక కొస బకెట్లో పెడితే చాలు. చేతిమీద గాట్లు ఉంటే రబ్బరు తొడుగులు వేసుకోండి. అక్వేరియం నీళ్ళలో ఉండే ఒక రకం బాక్టీరియా పుండ్లలోంచి చర్మంలోకి చేరి నెలల తరబడి బాధపెట్టగలదు.

నీళ్ళను బకెట్లోకి తోడేటప్పుడు మూతికి పాత పంచె గుడ్డ కట్టి వడకట్టండి. గుడ్డలో మిగిలిన నాచునూ, చెత్తనూ ప్లాస్టిక్ సంచిలో కట్టి ఒక రోజంతా ఫ్రీజరులో ఉంచి, తరవాత చెత్తబుట్టలో వెయ్యండి. సంచి మీద పేరు రాయటం మరవద్దు. మన ఇళ్ళ ఫ్రీజర్లలో ఐస్‌క్రీం డబ్బాలో సాంబారూ, పెరుగు డబ్బాలో చింతపండు గుజ్జూ ఉంటాయి. ఆకుపచ్చటి ముద్దను గోంగూర అనుకునే ప్రమాదం ఉంది.

వడకట్టిన నీళ్ళను టాయిలెట్టులోకో, స్నానాల తొట్టిలోకో, బట్టలు ఉతికేచోటి సింకులోకో పొయ్యండి. గిన్నెలు కడిగే వంటింటి సింకు వాడకపోతే మంచిది. పోశాక ఒకటి రెండు నిమిషాలు కుళాయి తిప్పి వదలండి. లోహపు భాగాల మీద ఉప్పు నిలవకుండా ఉంటుంది. గులకరాళ్ళూ, వలలూ, గొట్టాలూ కడిగిన నీళ్ళు కూడా ఇక్కడే పొయ్యాలి. వాటిని బయట పెరటి కుళాయి కింద కడిగితే పడ్డ శ్రమంతా వృథా.

రెండు జాగ్రత్తలు. బేస్‌మెంటులోనో గరాజులోనో నేలమీద ఉన్న డ్రెయినును గుడ్డిగా నమ్మకండి. కొన్ని ఇళ్ళలో అది మురుగు గొట్టానికి కాక, పెరట్లోకి నీళ్ళు తోడిపోసే గుంటకు పోతుంది. ఇక పాత నగరాలు కొన్నిటిలో వాన నీటికీ మురుగుకూ ఒకటే గొట్టం. పెద్ద వాన పడ్డప్పుడు అది పొంగి శుద్ధి కాని నీరే నదిలోకి పోతుంది. అలాంటి ఊళ్ళో ఉంటే వాన వెలిశాక నీళ్ళు మార్చుకోండి.

పచ్చికకు ఏదో ఒకటి పొయ్యాలని మనసు పీకుతూ ఉంటే ఒక మార్గం ఉంది. ఉప్పు కలపటానికి ముందు శుద్ధ జలం తయారు చేసే ఆర్.ఓ. యంత్రం, గాలను మంచి నీటికి మూడు నాలుగు గాలన్లు పక్కకు వదిలేస్తుంది. అది కుళాయి నీరే, అందులోని ఖనిజాలు కాస్త చిక్కబడ్డాయంతే. మామూలు కుళాయి నీరు మరీ ఉప్పగా లేని ఊళ్ళలో దాన్ని నిక్షేపంగా మొక్కలకు పోసుకోవచ్చు.

సెప్టిక్ టాంకు ఉన్న ఇళ్ళలో

ఊరికి దూరంగా ఇల్లు కొనుక్కున్నవాళ్ళకు మురుగు గొట్టం ఉండకపోవచ్చు. అమెరికాలో అయిదిళ్ళకు ఒకటి చొప్పున సెప్టిక్ టాంకు మీదే ఆధారపడి ఉంది. అక్కడ ఊరి మురుగు కలిసి పలచన చెయ్యదు. మన ఉప్పంతా మన పెరట్లోనే, టాంకు నుంచి నీరు ఇంకే నేలలోకి చేరుతుంది. బంకమట్టి నేలయితే పైన చెప్పుకున్న సోడియం బాధ ఇక్కడా వస్తుంది. ఆ నేల నీళ్ళు పీల్చుకోవటం మానేస్తే బాగుచేయించటానికి వేల డాలర్లవుతాయి. సొంత బావి నీళ్ళు తాగే ఇళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

కనక సెప్టిక్ ఉన్నవాళ్ళు చిన్న తొట్టితో సరిపెట్టుకోవటం, ఒక్కసారి కాకుండా కొద్దికొద్దిగా పొయ్యటం మంచిది. తొట్టి పెద్దదయితే ముందుగా కౌంటీ ఆరోగ్య శాఖను అడగండి. మురుగు గొట్టం ఉన్న స్నేహితుల ఇంటికి మూత బిగించిన బకెట్లలో తీసుకెళ్ళటం కూడా ఒక దారి. భోజనానికి పిలిచినవాళ్ళ ఇంటికి ఉప్పునీళ్ళతో వెళ్ళటం కొంచెం ఎబ్బెట్టే, కాని పెరడు పాడవటం కన్నా నయం.

తొట్టి ఎత్తేసేటప్పుడు

ఉద్యోగం మారి ఊరు మారటం, వీసా కుదరక దేశం మారటం మనవాళ్ళకు మామూలే. అసలు ప్రమాదం అప్పుడే. వారం రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి, తొట్టిలో 75 గాలన్ల నీళ్ళు, చేపలు, పగడాలు, రాళ్ళు. ఆ తొందరలో, పాపం బతకనీ అన్న జాలితో చేపల్ని సముద్రంలో వదిలేవాళ్ళు ఉంటారు. హిందూ మహాసముద్రం, పసిఫిక్ ప్రాంతాలకు చెందిన లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర కనపడింది. అక్వేరియంల నుంచి వదిలినవే దాని మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ముళ్ళలో విషం ఉన్న ఆ చేప ఇప్పుడు కరిబియన్ సముద్రమంతటా పగడపు దిబ్బల మీది చిన్న చేపల్ని తినేస్తోంది. జాలిపడి ఒక చేపను బతికిస్తే, అది వేల చేపలకు యముడయిందన్నమాట.

చేపల్ని కొట్టువాళ్ళకు తిరిగి ఇవ్వండి. తోటి అభిరుచి ఉన్నవాళ్ళకు ఇవ్వండి. పెంచుకోలేకపోతున్న విదేశీ ప్రాణుల్ని శిక్ష భయం లేకుండా అప్పగించే కార్యక్రమం ఫ్లోరిడాలో 2006 నుంచీ నడుస్తోంది.

రాళ్ళ విషయంలో ప్రాణాలకు సంబంధించిన హెచ్చరిక ఒకటి. రాయి మీద ఉన్నవన్నీ చావాలని దాన్ని పొయ్యి మీద ఉడకబెట్టకండి. వేడినీళ్ళు పోసి బ్రష్షుతో రుద్దకండి. జొయాంథిడ్ అనే జాతి పగడాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. వేడికి అది నశించదు. ఆవిరితో, తుంపరలతో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 2012-14 మధ్య అలాస్కాలో అక్వేరియం కొట్లలోనూ ఇళ్ళలోనూ ఉన్నవాళ్ళు ఇలా జబ్బుపడ్డారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2015లో వెల్లడించింది. ఇలాంటి రాళ్ళను చేతులకు తొడుగులూ, కళ్ళకు అద్దాలూ పెట్టుకుని, తడిగా ఉండగానే సంచిలో కట్టెయ్యాలి. ఫ్రీజరులో పెట్టినా ఆ విషం అలాగే ఉంటుంది కనక తిండి పదార్థాల పక్కన పెట్టవద్దు. అన్నిటికంటే మేలు, పగడాలు పెంచే మరొకరికి నీళ్ళతో సహా అప్పగించటం.

నీళ్ళను మాత్రం ఎప్పటిలాగే, వడకట్టి, ఇంటి లోపలే పొయ్యాలి. 75 గాలన్లంటే పదిహేను బకెట్లు. గరాజు తలుపు తీసి ఒక్క గొట్టంతో డ్రైవ్‌వే మీదికి వదిలితే పావుగంట పని. స్నానాల గది దాకా పదిహేను సార్లు మొయ్యాలంటే నడుం నొప్పి పుడుతుంది. సైఫను గొట్టాన్ని కాస్త పొడుగుది కొనుక్కుని నేరుగా స్నానాల తొట్టిలోకి పెట్టండి. అప్పుడు ఆ పావుగంటలోనే పని అయిపోతుంది, నడుమూ బాగుంటుంది, వీధి చివరి వాగూ బాగుంటుంది.